నర్సు నడిపే పేషెంట్ అడ్వొకసీ సెంటర్: కోర్సు ప్రాజెక్టుకు బిజినెస్ ప్లాన్ మన జిల్లాల లెక్కల ఎట్ల రాయాలె

బీఎస్సీ నర్సింగ్ల మేనేజ్‌మెంట్ సబ్జెక్టు కింద ఒక బిజినెస్ ప్లాన్ రాసుకరమ్మంటే క్లాసుల సగంమంది హోమ్ నర్సింగ్ ఏజెన్సీ రాస్తరు, మిగిలినోళ్లు ల్యాబు, లేకుంటే ఓల్డేజ్ హోమ్. అవి తప్పని కాదు గాని దిద్దే మేడమ్‌కు అవే చదివి చదివి విసుగొచ్చి ఉంటది. పేషెంట్ అడ్వొకసీ అంటే కొంచెం కొత్త, పైగా నల్గొండ, పాలమూరు దిక్కు దీని అవసరం ఎంతుందో పోస్టింగ్ల మీరు రోజూ చూస్తనే ఉంటరు. ఓపీ చీటీ చేతుల పట్టుకుని ఏ రూముకు పోవాలెనో తెల్వక కారిడార్ల నిలబడ్డ పెద్దమనిషి, డాక్టర్ చెప్పింది అర్థం కాక మనల్ని పక్కకు పిలిచి "సిస్టరమ్మా, ఇంతకూ మా ఆయనకు ఏమైంది" అని అడిగే ఆమె, వీళ్లే మీ కస్టమర్లు. ఆమె అడిగే టైంకు డ్యూటీల మనకు తీరదు, తీరినా హాస్పిటల్ జీతం తింటున్నం కాబట్టి కొన్ని మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోతయి. బయట కూసొని, పేషెంట్ దగ్గరనే ఫీజు తీసుకొని, పేషెంట్ తరఫున మాట్లాడే నర్సు అంటే ఈ బిజినెస్సే.

అమెరికాల ఇది ఎప్పటినుంచో ఉంది. హాస్పిటలే జీతమిచ్చి పెట్టుకునే అడ్వొకేట్లు వేరే, సొంతంగ ప్రాక్టీస్ పెట్టుకుని గంటకింత అని కుటుంబం దగ్గర తీసుకునేటోళ్లు వేరే, ఈ రెండో రకంల పాత నర్సులు చానామంది ఉంటరు, వాళ్లకు బోర్డు సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంది. నెట్ల దొరికే శాంపిల్ ప్లాన్లన్నీ వాళ్లవే. అవి చూసి లేఅవుట్ తీసుకోండి గాని కంటెంట్ ఎత్తకండి, మెడికేర్ (అక్కడి ముసలోళ్లకు సర్కారు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) గురించి రెండు పేజీలు రాసి దేవరకొండల సెంటర్ పెడ్తమంటే వైవాల మొదటి ప్రశ్నకే దొరికిపోతరు. మన దగ్గర ఆ జాగాల ఆరోగ్యశ్రీ రావాలె, ఈఎస్ఐ రావాలె, గవర్నమెంట్ ఉద్యోగుల హెల్త్ స్కీమ్ ఈహెచ్ఎస్ రావాలె, సీఎం రిలీఫ్ ఫండ్ (సీఎంఆర్‌ఎఫ్) రావాలె.

ముందు తేల్చాల్సింది: పైసలు ఎవరిస్తరు

ప్లాన్ల మిగతావన్నీ దీని మీదనే నిలబడతయి కాబట్టి విజన్, మిషన్ రాసుకుంట టైం పాడుచేసుకోకుండ ముందు ఇది రాయండి. మన ఊర్లల్ల జరం వచ్చినా, గుండెల నొప్పొచ్చినా ముందు పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన రాత్రి పన్నెండింటికి లేపినా లేస్తడు, అప్పు పెడ్తడు, ఇంట్ల అందరి పేర్లు తెలుసు. ఆయన చేతుల కానిది హైదరాబాద్‌ల ఫలానా హాస్పిటల్‌కు పంపుతడు, ఆ హాస్పిటల్ నుంచి ఆయనకు కమీషన్ వస్తదని ఊరందరికీ తెలుసు, పంపిచ్చుకునేటోళ్లకు కూడా తెలుసు, అయినా పోతరు, ఎందుకంటే దారి చూపే వేరే మనిషి లేడు. ఇప్పుడు మీ సెంటర్ కూడా హాస్పిటల్ దగ్గర "రిఫరల్ ఫీజు" తీసుకుందనుకోండి, తెల్లకోటు వేసుకున్న ఇంకో బ్రోకర్ అయితరు, అంతకంటే ఏం లేదు. అందుకని ప్లాన్ల రెవెన్యూ మోడల్ మొదటి లైన్ల స్పష్టంగ రాయండి: హాస్పిటల్, ల్యాబు, స్కానింగ్ సెంటర్, మెడికల్ షాపు, ఇన్సూరెన్స్ ఏజెంటు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం, ఫీజు పేషెంట్ కుటుంబమే ఇస్తది, రేటు గోడ మీద తెలుగుల రాసి ఉంటది.

దీంతోని ఆదాయం తగ్గుతది, అది నిజం. కాని ఆ తగ్గింది ఎట్ల పూడ్చుకుంటరో చూపించడమే మీ ప్లాన్. కమీషన్ పెట్టి లాభం చూపించిన ప్లాన్ ఎవరైనా రాస్తరు.

ఆరోగ్యశ్రీ దగ్గర ఇంకో జాగ్రత్త ఉండాలె. స్కీమ్ పేషెంట్‌కు ఉచితం. "ఆరోగ్యశ్రీ చేయించి ఇస్తం, ఇంత ఇవ్వు" అంటే అది దళారీ పనే. 2007ల ఈ స్కీమ్ మొదలైనప్పుడు పైలట్‌గ తీసుకున్న మూడు జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. 2023 డిసెంబర్‌ల తెలంగాణల లిమిటు ఐదు లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. ఇన్నేండ్లైనా తన జబ్బు స్కీమ్ల ఉన్నదా, ఏ హాస్పిటల్ల చేస్తరు, అడ్మిట్ కాకముందే అడగాల్నా అనేది తెల్వక పైసలు కట్టేటోళ్లు ఉన్నరు. అది చెప్పడం ఫ్రీ సర్వీస్ కింద పెట్టండి, ఫోన్ల ఐదు నిమిషాల పని. మీ టైంకు, మీ వెంట రావడానికి, మీ పేపర్ పనికి ఫీజు పెట్టండి, స్కీమ్‌కు పెట్టకండి.

మార్కెట్ సర్వే అంటే గూగుల్ ఫామ్ కాదు

వాట్సాప్ గ్రూపుల ఫామ్ పంపితే మీ క్లాస్‌మేట్లే నింపుతరు. దానికంటే ఒకరోజు బయట తిరగండి. గవర్నమెంట్ హాస్పిటల్ల సర్వే చేయాల్నంటే సూపరింటెండెంట్ పర్మిషన్ కావాలె, కాలేజీ నుంచి లెటర్ తీసుకపోవాలె, అది లేట్ అయితది. హాస్పిటల్ ఎదురుంగ జిరాక్స్ సెంటర్ అతన్ని అడిగితే మాత్రం ఎవరు ఏ పేపర్ల కోసం ఎన్నిసార్లు వస్తరో పూసగుచ్చినట్టు చెప్తడు. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు దగ్గర కూడ అంతే, సీఎంఆర్‌ఎఫ్ కోసం బిల్లులు పట్టుకుని లైన్ల నిలబడ్డోళ్లతోని మాట్లాడండి. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోకండి, జబ్బు ఏంది, ఎక్కడికి పోయిన్రు, ఎక్కడ ఆగిపోయిన్రు, ఎవరు సాయం చేసిన్రు అంతవరకే.

పోటీ ఎవరు అనే చాప్టర్ల "పోటీ లేదు" అని రాస్తే మార్కులు పోతయి. పోటీ మస్తుంది. ఆర్‌ఎంపీ సంగతి చెప్పిన. హాస్పిటల్ల ఆరోగ్యమిత్ర ఉంటరు, వాళ్లు స్కీమ్ వరకు చూస్తరు, స్కీమ్ బయట జబ్బైతే వాళ్ల పని కాదు, ఆ డెస్క్ దాటి మీ వెంట రారు. ఆశా అక్క ఊర్లె ఉంటది, ఆమెకు ఉన్న పనికే టైం సరిపోదు. ఎమ్మెల్యే పీఏ ఒక లెటర్ ఇప్పిస్తడు. అన్నిటికంటే పెద్ద పోటీ "మనోడు". మనోడు ఒకడు నిమ్స్‌ల వార్డ్‌బాయ్ చేస్తడు, మనోడు ఒకడు గాంధీల ల్యాబ్ టెక్నీషియన్, బామ్మర్ది దోస్తు ఫలానా హాస్పిటల్ల సెక్యూరిటీ. ప్రతి కుటుంబానికి ఇట్లాంటోడు ఒకడుంటడు, ఫ్రీగ చేస్తడు, కాని డ్యూటీల ఉంటే ఫోన్ ఎత్తడు. మీ ప్లాన్ల ఈ మనోడి కంటే మీరు ఏం ఎక్కువ ఇస్తరో ఒక పేరా రాయండి, ఆ పేరా బాగుంటే మిగతాది సగం ఒప్పుకున్నట్టే.

కస్టమర్లు రెండు రకాలు. అవసరం ఎక్కువున్నోళ్లు వేరు, పైసలు ఇయ్యగలిగేటోళ్లు వేరు. ముంబై, పూణెకు వలసపోయిన పాలమూరు కుటుంబాల ముసలోళ్లు, దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాలోళ్లు, మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు పోయినోళ్లు, వీళ్లకు అవసరం. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట టౌన్లల్ల పిల్లలు అమెరికాలనో బెంగళూరులనో ఉండి ఇంట్ల అమ్మానాన్న ఇద్దరే ఉన్న రిటైర్డ్ టీచర్లు, వీళ్లు నెలకింత అని ఇయ్యగలుగుతరు, అసలు కొడుకే పంపిస్తడు, "సిస్టర్, నాన్న చెకప్‌కు మీరు పోయి డాక్టర్ ఏం చెప్పిండో నాకు వాట్సాప్ చేయండి" అని. రెండో రకం పైసలతోని మొదటి రకాన్ని నడపాలె.

ఏం సర్వీసులు

సర్వీసుల లిస్టు పెద్దగ పెట్టకండి. నా లెక్కల నాలుగు చాలు: ఫైల్ తయారు చేయడం, వెంట పోవడం, బిల్లు చూడడం, ఇన్సూరెన్స్ లేదా స్కీమ్ పేపర్లు.

ఫైల్ అనేది చిన్న పనిలెక్క కొడ్తది గాని మన విద్య అంతా దీంట్లనే కనపడ్తది. ఊర్ల నుంచి వచ్చేటోళ్ల రిపోర్టులు బట్టల షాపు క్యారీబ్యాగుల ఉంటయి, నాలుగు మడతలు పెట్టిన ఎక్స్‌రే, దాంట్లనే రేషన్ కార్డు జిరాక్సు, సగం తడిసిన డిశ్చార్జ్ సమ్మరీ. ఈసీజీ స్ట్రిప్పు, మెడికల్ షాపు బిల్లు థర్మల్ పేపర్ మీద వస్తయి, ఎండకు ఉంచితే కొన్ని నెలలకు అక్షరాలు, గీతలు అన్నీ తెల్లగ ఎగిరిపోతయి. గుండె జబ్బు పేషెంట్‌ది మొదటి రోజు ఈసీజీ ఎట్లుందో డాక్టర్‌కు కావాలె, పేషెంట్ చేతుల మాత్రం ఖాళీ కాగితం ఉంటది. అందుకని మొదటి రోజే వాటన్నిటినీ జిరాక్స్ తీసి, స్కాన్ చేసి, తేదీల వరుసల పెట్టి, పైన ఒక్క పేజీ సమ్మరీ: జబ్బులు, ఆపరేషన్లు, ఏం పడదు, ఇప్పుడు ఏం గోలీలు. గోలీల దగ్గర ఆగి చూడండి. ఒక డాక్టర్ గ్లైకోమెట్ రాసి ఉంటడు, ఇంకో డాక్టర్ రాసిన షుగర్ కాంబినేషన్ గోలీల కూడ అదే మెట్‌ఫార్మిన్ ఉంటది, పెద్దమనిషి రెండూ వేసుకుంటుంటడు. మీరు పట్టుకోవాలె, కాని మీరు ఆపొద్దు. రాసుకొని, డాక్టర్‌కు ఫోన్ చేసి గాని, ఎదురుంగ కూసొని గాని అడగాలె. మందు మార్చినా, ఆపరేషన్ వద్దని సలహా ఇచ్చినా, ఇంటికి పోయి సూది వేసినా మీరు గీత దాటినట్టే, ఇది ప్లాన్ల "మేం చేయనివి" అని వేరే పేజీల పెట్టండి.

వెంట పోవడం అంటే ఓపీల పక్కన కూసునుడు కాదు. ముందురోజు కుటుంబంతోని కూసొని అడగాల్సిన ప్రశ్నలు ఐదారు తెలుగుల రాసుకోవాలె, డాక్టర్ చెప్పింది అక్కడికక్కడ వాళ్ల భాషల చెప్పాలె, కన్సెంట్ ఫామ్ మీద వేలిముద్ర పెట్టకముందు చదివి వినిపియ్యాలె. వైవాల దారి ఖర్చు అడుగుతరు. నల్గొండ, మిర్యాలగూడ నుంచి బీబీనగర్ ఎయిమ్స్‌కు అదే లైన్ల రైలుంది, మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైలుంది. ఇంకోటి, 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి స్కీమ్ల ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ, అంటే నర్సు ఆడామె అయితే ప్రయాణం ఖర్చు చానావరకు తగ్గుతది. ఎవ్వరూ ప్లాన్ల రాయరు గాని నిజమైన లెక్క ఇట్లాంటి దగ్గరనే ఉంటది. మగ నర్సులు మీ బడ్జెట్ల టికెట్లు కలుపుకోండి.

బిల్లు చూడడంల మనకున్న పట్టు వేరే ఎవరికీ ఉండదు. ఐటమ్ వారీగ బిల్లు అడగడం పేషెంట్ హక్కు. గ్లౌజులు ఎన్ని జతలు, వాపస్ చేసిన మందులు తీసేసిన్రా, బెడ్ చార్జి ఎన్ని రోజులకు వేసిన్రు, వార్డుల పనిచేసిన మనిషికి చూడంగనే తెలుస్తది. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నోళ్లకు రూమ్ రెంట్ సంగతి ముందే చెప్పాలె: పాలసీల రూముకు లిమిటు ఉండి అంతకంటే ఎక్కువ రూము తీసుకుంటే రూమ్ తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీలల్ల కూడ అదే నిష్పత్తిల కోస్తరు. ఏసీ రూముకు ఆశపడితే చివరికి వేలల్ల చేతినుంచి కట్టాల్సి వస్తది. 2024ల ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్టుకు ఒక గంటల జవాబు ఇయ్యాలె, డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటలు దాటొద్దు. క్లెయిమ్ కొట్టేస్తే కంపెనీకి రాతపూర్వకంగ కంప్లైంట్, అక్కడ తేలకపోతే హైదరాబాద్‌ల ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఎన్‌హెచ్ 65, ఎన్‌హెచ్ 44 రెండూ మన మీదినుంచే పోతయి కాబట్టి యాక్సిడెంట్ కేసులు ఖాయం. 2025ల కేంద్రం తెచ్చిన స్కీమ్ల రోడ్డు ప్రమాదంల గాయపడ్డోళ్లకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ ఉంది, ఇది సర్వీసు లిస్టుల ఒక లైన్ పెట్టండి.

సీఎంఆర్‌ఎఫ్ దగ్గర మాత్రం కొంచెం దూరం పాటించండి. ఫామ్ ఎట్ల నింపాలె, ఏ ఒరిజినల్స్ పెట్టాలె, పెట్టకముందు జిరాక్స్ ఎందుకు ఉంచుకోవాలె అనేది చెప్పండి, అంతే. నకిలీ బిల్లులతోని ఆ పైసలు మింగిన కేసులు 2024ల సీఐడీ దాకా పోయినయి. "బిల్లు కొంచెం పెంచి రాయించు సిస్టర్" అని అడిగేటోళ్లు వస్తరు, పేదోళ్లే అడుగుతరు, జాలేస్తది, అయినా కాదనాలె.

చట్టాల పేజీ

చట్టాల పేర్లు ఎన్ని రాస్తే అంత గొప్ప అనుకోకండి, వాడేవి రాయండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ (ఎన్‌హెచ్ఆర్సీ) 2018ల తయారు చేసిన పేషెంట్ హక్కుల చార్టర్ల 17 హక్కులున్నయి, రికార్డులు తీసుకునేది, సెకండ్ ఒపీనియన్, మందులు ఎక్కడైనా కొనుక్కునేది, బిల్లు కట్టలేదని మనిషిని గాని శవాన్ని గాని ఆపొద్దనేది దాంట్లయే. డాక్టర్ల ప్రవర్తనా నియమాలు 2002 ప్రకారం రికార్డు అడిగిన 72 గంటలల్ల ఇయ్యాలె, ఇన్‌పేషెంట్ రికార్డు మూడేండ్లు దాచాలె. 1995ల సుప్రీంకోర్టు ఇచ్చిన ఐఎంఏ వర్సెస్ వీపీ శాంత తీర్పుతోని పైసలు తీసుకుని చేసే వైద్యం కన్స్యూమర్ చట్టం కిందికి వచ్చింది. కాని గుర్తుపెట్టుకోండి, అదే చట్టం మీ మీదికి కూడ వస్తది, మీరూ ఫీజు తీసుకుని సర్వీస్ ఇస్తున్నరు కదా. అందుకే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటుల ఉండాలె, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (మన పనిల తప్పైందని కేసేస్తే ఆదుకునే ఇన్సూరెన్స్) ఖర్చు బడ్జెట్ల పెట్టాలె. పేషెంట్ వివరాలు మీ ఫోన్ల ఉంటయి కాబట్టి 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కూడ ఒక పేరా. గవర్నమెంట్ల స్టాఫ్ నర్సుగ ఉండి పక్కన ఈ బిజినెస్ నడపడం సర్వీస్ రూల్స్‌కు పడదు, ఓనర్ ఎవరో రాసేటప్పుడు అది చూసుకోండి.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. ఒక్కరే అయితే ప్రొప్రయిటర్‌షిప్, చిన్న వ్యాపారాలకుండే ఉద్యం రిజిస్ట్రేషన్ గవర్నమెంట్ పోర్టల్ల ఫ్రీ (పైసలు అడిగే వెబ్‌సైట్లు వేరే ఉంటయి, అటు పోకండి), లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర షాప్స్ రిజిస్ట్రేషన్. జీఎస్టీ సర్వీసులకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే, మీరు ఇప్పట్లె దాటరు.

లెక్కలు

ఇక్కడనే అందరూ గాలిల రాస్తరు. నేనైతే ఇట్ల వేస్త, మీరు మీ టౌన్ల రేట్లు అడిగి మార్చుకోండి. నెల ఖర్చు: గది కిరాయి 4,000, ఫోన్, నెట్ 500, జిరాక్స్, ప్రింటింగ్ 1,500, ప్రయాణం 2,500, ఇండెమ్నిటీ, చిల్లర కలిపి 1,500, మీ జీతం 20,000. మొత్తం 30,000. మీ జీతం ఖర్చుల పెట్టాలె, పెట్టకపోతే లాభం వచ్చినట్టు కనపడ్తది, అది మీ కష్టమే.

ఆదాయం: రోజంతా వెంట పోయేది 1,500 చొప్పున నెలకు ఎనిమిది, 12,000. ఫైల్, బిల్లు, ఇన్సూరెన్స్ పని 500 చొప్పున ఇరవై, 10,000. నెలవారీ కుటుంబాలు 1,000 చొప్పున ఎనిమిది, 8,000. అది కూడ 30,000, అంటే లాభం లేదు, నష్టం లేదు. ఇది దాటినంకనే ఫ్రీ కేసులు. హైదరాబాద్ ఒక్కసారి పోయొస్తే రోజు మొత్తం పోతది, కాబట్టి వెంట పోయే కేసులు పన్నెండు పదిహేను కంటే ఎక్కువ వేస్తే ఎగ్జామినర్ "మరి ఫైళ్లు ఎప్పుడు చేస్తవమ్మా" అంటది, జవాబు ఉండదు. పెరగాల్సింది నెలవారీ కుటుంబాలు.

పెట్టుబడి ల్యాప్‌టాప్ 40,000, ప్రింటర్ స్కానర్ 12,000, టేబులు, కుర్చీలు 10,000, బోర్డు, రిజిస్ట్రేషన్ 5,000, అడ్వాన్సు 8,000, కలిపి 75,000. దీనికి మూడు నెలల ఖర్చు 90,000 కలపండి, ఎందుకంటే మొదట్ల కేసులు రావు, నోటిమాట పాకడానికి టైం పడ్తది. 1,65,000. ముద్ర లోన్ల శిశు 50,000 వరకే, మీది కిశోర్ కేటగిరీల పడ్తది, అది ఐదు లక్షల వరకు.

రిపోర్టు కట్టేటప్పుడు

స్వాట్ అనాలిసిస్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు) అడుగుతరు కాబట్టి ఒక పేజీ పెట్టేయండి, ఎక్కువ కష్టపడకండి. దానికి బదులు ఒక ఊహించిన కేసు మొదటి ఫోన్ నుంచి ఆఖరు వరకు రాయండి, ఉదాహరణకు అచ్చంపేట దిక్కు ఒకాయనకు ఛాతీ నొప్పి, లోకల్ల ఈసీజీ, యాంజియోగ్రామ్ రాసిన్రు, ఏ రోజు ఎవరు ఏం చేసిన్రు, మీరు ఎక్కడ ఎంత ఫీజు తీసుకున్నరు, ఎక్కడ తీసుకోలేదు. అమలు ఎట్లుందో కొలిచేది కూడ దాంట్లనే వస్తది: ఎన్ని రికార్డులు 72 గంటలల్ల వచ్చినయి, ఎన్ని బిల్లులల్ల సవరణ అయింది, ఎంతమంది డిశ్చార్జ్ అయినంక మందులు సరిగ్గ వేసుకుంటున్నరు.

అనుబంధంల మూడు కాగితాలు తప్పకుండ ఉండాలె: రేట్ల కార్డు, పేషెంట్ తరఫున రికార్డులు అడగడానికి అధికార పత్రం, మీతోని చేసుకునే ఒప్పందం. మూడూ తెలుగులనే. ఒప్పందం రాసినంక మీ వార్డుల ఆయమ్మకో, హాస్టల్ వంటామెకో చదివి వినిపించి "నీకేం సమజైంది చెప్పు" అని అడగండి. ఆమె ఎక్కడ ఆగితే ఆ వాక్యం మార్చండి, మార్చినంక స్పైరల్ బైండింగ్‌కు ఇయ్యండి.